మూల వచ్చేదాకా

రంపం చివరి రెండు ఒరిపిళ్లలో ఉండగా వంకర మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. నలభై ఏళ్ల అలవాటది. తెగబోయే ముక్క తన బరువుకు తానే చీలిపోకుండా ఎడమ చేత్తో కాచుకుని, కోత ముగిశాక అంచును బొటనవేలితో తడిమి, పైకి లేచాడు.

మనిషిలో వంకరేమీ లేదు. తిన్నటి కోతలు ఎవరైనా కోస్తారు. ఒరిగిన గోడకో, మెలి తిరిగిన మెట్లకో, వాలు కప్పుకో సరిపడేలా కర్ర కోయాల్సి వస్తే మాత్రం అందరూ అతనికే కబురు పంపేవారు. అందుకే ఆ పేరు. "లోకంలో వంకరలన్నీ సర్దుతాడు, ఇంట్లో మంచం కుంటుతుంటే కాలి కింద అట్టముక్క పెడతాడు" అని భార్య ఇరుగుపొరుగుతో అనేది. అతను విని నవ్వేవాడే గాని మంచం జోలికి పోలేదు.

ఆవేళ పని ఒక పంతులమ్మ ఇంట్లో. ఉద్యోగం నుంచి దిగిపోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. ఆమె పడుకునే గది మూలలో, నడుమెత్తున, మూడు కోణాల బల్ల కావాలంది. అంతకుముందు ఇద్దరు వడ్రంగులు వచ్చి, గోడ బాగాలేదని చెప్పి వెళ్లిపోయారట. 'ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట' అనుకుని మేస్త్రి ఒప్పుకున్నాడు.

పొద్దున ఎనిమిదింటికి రెండు గోడలకూ, కోణం పట్టే మడత మట్టం రేకులు ఆనించి, మర బిగించి, ఆ కోణాన్ని పలక మీద గీసి కోశాడు. తీసుకెళ్లి పెడితే ముందు కొసలు గోడలకు తగిలాయి గాని, మొన మూలకు అందలేదు. ఆ సందులో చిటికెన వేలు పట్టింది.

మేస్త్రి కిటికీ దగ్గరకు వెళ్లి కుడిచెయ్యి వెలుతురులో చాచి చూసుకున్నాడు. వణకడం లేదు. పంతులమ్మకు ఏమీ చెప్పకుండా మళ్లీ కొలిచి, పదింటికి రెండో ముక్క కోశాడు. అదీ అంతే. ఆ చెయ్యి తప్ప తనకు వేరే ఆస్తి లేదు. పన్నెండింటికి మూడోది కోసేటప్పుడు డబ్బాలో అన్నం సంగతే గుర్తురాలేదు. అదీ మూలకు అందకపోయేసరికి మూడు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. ఒకదానికన్నా ఒకటి ఇరుకు. తేడా ప్రతిసారీ ఒక్కలాగే, గోరు మందాన ఉంది.

బిగించిన మర బిగించినట్టే ఉన్న మట్టాన్ని మూలలో పెట్టాడు. గంట కిందట కొలిచిన మూలలోనే అది పట్టలేదు.

తప్పు చేతిది కాదు. గుండెల మీంచి కొండంత బరువు దిగిపోయింది. భయం వేయాల్సిన సంగతని తర్వాత గాని తట్టలేదు.

"అమ్మా, ఈ మూల దగ్గరికి ముడుచుకుంటోంది" అన్నాడు.

పంతులమ్మ ఉలిక్కిపడలేదు. "తెలుసు మేస్త్రీ. మా ఆయన కుర్చీ అక్కడే ఉండేది. ఆయన చనిపోయిన నెలకే అందులో కుర్చీ పట్టకుండా పోయింది. నా మంచం ఇప్పటికి రెండుసార్లు ఇవతలికి జరిపాను. నిన్నటి నుంచి మరీ తొందరగా ముడుచుకుంటోంది."

"మరి బల్లెందుకమ్మా?"

"ఏదో ఒకటి అడ్డం ఉంటే ఆగుతుందేమోనని. ఇలాంటిది ఎవరికి చెప్పుకోను?"

మేస్త్రి కొత్త పలక మీద మూడు కోణాలూ పక్కపక్కనే గీసి, తేడా లెక్కగట్టి, సాయంత్రం అయిదింటికి మూల ఎక్కడికొస్తుందో అక్కడ నాలుగో గీత గీశాడు. దాన్ని కోయడానికి గంటన్నర పట్టింది. గోడలకు దిమ్మెలు బిగించి పలక వాటి మీద పెడితే, మొన మూలకు అందింది. ముందు కొసల దగ్గర అటూ ఇటూ సందులు మిగిలాయి. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

భార్య ఫోన్ చేసింది. "పనయిందా?"

"నా పని అయింది. మూల ఇంకా రావాలి."

"ఏం రావాలి?"

"వచ్చాక చెప్తాలే."

"ఏమన్నా తిన్నావా?"

"తిన్నా" అని అబద్ధమాడాడు.

నాలుగున్నరకు సందుల్లో అట్టముక్క పట్టింది. తర్వాత కాగితం పట్టింది. అయిదింటికి గదిలో ఎక్కడో వేలు మెటిక విరిచినట్టు చిన్న చప్పుడైంది. కర్ర ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ కాగితం దూర్చబోతే వెళ్లలేదు.

"వచ్చింది" అన్నాడు మెల్లగా.

పంతులమ్మ అందించిన టీ గ్లాసును బల్ల మీద పెట్టి, గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు.

"ఆగిందంటారా?"

"ఆగిందమ్మా. ఇక కదలదు. మంచం వెనక్కి జరుపుకోండి."

కాస్త అలుపు తీర్చుకుంటానని బల్ల కిందే, ఆ మూలలోనే, రెండు గోడల మధ్యా వీపు ఆనించి కూర్చున్నాడు. మూల అతనికి కుట్టించినట్టు సరిపోయింది. పంతులమ్మ మంచం మీద పక్కబట్టలు తీసి, మంచం జరపబోతూ, "కాస్త ఆ కొస పడతారా?" అంది. అతను పలకలేదు. దగ్గరకు వెళ్లి భుజం తట్టింది. కళ్లు మూసుకునే ఉన్నాయి. ఊపిరి లేదు.

కబురందుకుని దీపాలు పెట్టే వేళకు భార్య వచ్చింది. ముందు అతని నుదురు తాకింది. తర్వాత, ఎందుకో, బల్ల అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో వెతికింది. ఎక్కడా సందు దొరకలేదు.

"ఇంతసేపూ దీనికోసమా?" అంది. పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

నలుగురు వచ్చి మనిషిని తీసుకెళ్లారు. బల్ల మీద టీ గ్లాసును ఎవరూ తియ్యలేదు. తాగని టీ మీగడ తరక కట్టి, దాని మీద సన్నటి రంపపుపొట్టు వాలి, ఏ అంచుకూ ఒరగకుండా మట్టంగా నిలిచి ఉంది.