ఇరవై బోరు తుపాకి

ఎర్విన్ కొహుటెక్ నూనెగుడ్డతో తుపాకి గొట్టాల మీది వేలిముద్రలు తుడుస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే పని. ఒకడు వస్తాడు, గోడకున్న తుపాకులన్నీ దింపించుకుంటాడు, ఒక్కొక్కటే భుజానికెత్తి పైకప్పుకి వేలాడే ఫ్యానుకి గురిపెడతాడు, మళ్లీ వస్తానని చెప్పి పోతాడు. వాడి చేతి జిడ్డు మాత్రం ఇనుము మీద మిగులుతుంది. ఆగస్టు ఆఖరి రోజు. తెల్లవారితే గువ్వల వేట మొదలు. ఏడాది పొడుగునా ఊరుకుని, ఈ ఊరి మగాళ్లందరికీ తుపాకి సంగతి ఇవాళే గుర్తొస్తుంది.

మేకులు, కంచె తీగ, పశువుల దాణా, తుపాకులు కలిపి అమ్మే కొట్టు అది. బడి వదిలిన ఏడాది ఎర్విన్ ఇందులో చేరాడు. అప్పట్లో తలనిండా జుట్టుండేది, ఇప్పుడు లేదు. మిగతాదేమీ మారలేదు. పెళ్లి చేసుకోలేదు. పొడుగాటి సన్నటి మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. వసంతంలో ఆపరేషనయిన దగ్గర్నుంచి కుడిభుజం ఎడమదానికన్నా కాస్త కిందికి వాలి ఉంటుంది. చొక్కా ఎంత సర్దుకున్నా ఆ వాలు దాగదు.

ఆ భుజమే ఇప్పుడు అతని ప్రాణం తీస్తోంది. ఇన్నేళ్లుగా వాడిన పన్నెండు బోరు తుపాకిని జూలైలో ఒకసారి పేల్చి చూశాడు. అది తన్నిన తన్నుకి కళ్లు బైర్లు కమ్మి, తుపాకి గడ్డిలో పడింది. ఇరవై బోరయితే గొట్టం సన్నం, తన్నూ తక్కువ, హాయిగా పేల్చుకోవచ్చు. కానీ కొట్టులో ఇరవై బోర్లు విడిగా ఓ మూల నిలబెట్టి ఉంటాయి. వాటి మీద ‘మహిళలకు, పిల్లలకు’ అని అట్టముక్క కట్టింది ఎర్వినే. రాతా అతనిదే. ఇవాళ సాయంత్రంలోగా తనకంటూ ఒక తుపాకి ఎంచుకోవాలి, లేదా రేపు పొద్దున్న ఇంట్లో కూర్చోవాలి. ఏడాదిలో అతను ఎదురుచూసే పండగ అదొక్కటే.

పదిన్నరకి మంగలి హెన్రీ మాచా వచ్చాడు. కిందటేడు పన్నెండు బోరుతో భుజం కమిలిపోయి వారం రోజులు కత్తెర పట్టలేకపోయానని, ఊళ్లో సగం మంది జులపాలతో తిరిగారని తనే నవ్వుతూ చెప్పాడు. అయితే ఈసారి ఇరవై తీసుకోమన్నాడు ఎర్విన్. హెన్రీ మొహం మాడిపోయింది.

“అది మా ఆవిడ వాడుతుంది. ఇద్దరం ఒకటే పట్టుకుని పొలానికి పోతే జనం ఏమనుకుంటారు?”

“జనం గువ్వల్ని చూస్తారు గానీ నీ తుపాకిని ఎవడు చూస్తాడయ్యా?”

“నువ్వు చూస్తావుగా,” అని హెన్రీ మళ్లీ పన్నెండు బోరే పట్టుకెళ్లాడు. ఈ మనుషులకి బుద్ధి ఎప్పుడొస్తుందోనని ఎర్విన్ చాలాసేపు గొణుక్కున్నాడు. అలా గొణుక్కుంటున్నంతసేపూ మూలనున్న అట్టముక్క వైపు మాత్రం చూడలేదు.

ఇది చాలదన్నట్టు ఫోను. అక్క ఆల్బినా మొగుడు ఆల్ఫన్స్. కంకర లారీ నడిపి రిటైరయినవాడు. ఇద్దరు మోసే గడ్డిమోపుని ఒంటిచేత్తో లారీ మీదికి విసిరేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు, ముఖ్యంగా ఆల్ఫన్సే చెప్పుకుంటాడు. ప్రతి ఏడూ మొదటి రోజు బావా బావమరుదులిద్దరూ పొద్దుతిరుగుడు చేను గట్టున బకెట్లు బోర్లించుకుని కూర్చుంటారు. గసాలు కూరిన కొలాచీ బన్నులు తింటూ, ఒకరి గురిని ఒకరు ఎగతాళి చేసుకుంటూ, దొరికినన్ని గువ్వలు కొడతారు. అందుకని ఆల్ఫన్స్ ఉదయం ఐసు ఎంత తేవాలని ఫోన్ చేశాడు. తర్వాత తూటాలు ఏ నంబరువని. ఆ తర్వాత వాన పడుతుందంటావా అని. ఏది మొదలెట్టినా చివరికి వచ్చేది ఒక్క మాటకే: ఇంతకీ ఏ తుపాకి ఎంచుకున్నావు, పన్నెండా, ఇరవయ్యా?

భుజం సంగతి బావకి అక్క చెప్పే ఉంటుంది. అందుకే ఈ ఆరాలని ఎర్విన్‌కి అనుమానం. రేపు చేలో పదిమంది ముందు నవ్వడానికి ముందే సరుకు సిద్ధం చేసుకుంటున్నాడు. ఒకడు తూటాలడుగుతుంటే, ఇంకొకడు తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకుండా రూలు ప్రకారం అడ్డుపెట్టిన కర్రముక్క లాగేస్తే అధికారులు కనిపెడతారా అని చెవిలో గుసగుసలాడుతుంటే, మళ్లీ ఫోను మోగింది. ఎర్విన్‌కి ఒళ్లు మండింది.

“ఏరా బావమర్దీ, నిజం చెప్పు. ఇరవై తీసుకున్నావు కదూ?”

“ఆ ఆడవాళ్ల తుపాకి పట్టుకునే రోజొస్తే ఇంట్లో కూర్చుని అల్లికలు అల్లుకుంటాను బావా. ఇక్కడ జనం నన్ను పీక్కుతింటున్నారు. మళ్లీ ఫోన్ చెయ్యకు.”

 ఆల్ఫన్స్ “సర్లే, నీ పని చూసుకో” అని నెమ్మదిగా పెట్టేశాడు. ఎప్పుడూ ఫోను పెట్టే ముందు ఏదో ఒక వెటకారం చేసే మనిషి. ఎర్విన్ అది గమనించలేదు. పీడా విరగడయిందనుకున్నాడు.

మధ్యాహ్నమంతా ఫోను మోగలేదు. జనం తగ్గేసరికి నాలుగు దాటింది. ఎర్విన్ తుడవాల్సినవన్నీ తుడిచి, ఎవరూ చూడకుండా మూలకి వెళ్లి ఓ ఇరవై బోరు భుజానికెత్తాడు. నొప్పి లేదు. కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తాడు. కళ్లు తెరిచేసరికి చూపు తిన్నగా గొట్టం చివర ఆనింది. ఇంత బాగా కుదిరిన తుపాకి ఈ మధ్య అతని చేతికి రాలేదు. తనని తనే తిట్టుకుంటూ దాన్ని ఖాళీ దాణా సంచిలో చుట్టాడు. పాతది రిపేరులో ఉందని, ఇది కొట్టువాళ్లు అరువిచ్చారని రేపు బావకి చెప్పాల్సిన అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు. బావ నమ్మడు. నమ్మకపోతే పోనీ, నాలుగు మాటలంటాడు, అంతేగా.

తలుపు వేయబోతుండగా ఫోను మోగింది.

“తీసుకున్నానయ్యా బాబూ, చాలా?” అన్నాడు ఎర్విన్ ఎత్తగానే.

ఆల్ఫన్స్ కాదు, ఆల్బినా. “మీ బావ తిని కుర్చీలో కునుకు తీశాడురా. కాఫీకి లేపితే లేవలేదు,” అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అన్నమాటే మళ్లీ అంది.

ఎర్విన్ వెళ్లేసరికి చర్చి ఫాదరూ పక్కింటివాళ్లూ వచ్చి ఉన్నారు. ఆల్ఫన్స్‌ని మంచం మీదికి మార్చారు. ఆ పెద్ద చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. ఎర్విన్ ఒక చెయ్యి పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ అక్కడే పెట్టాడు.

వంటింట్లో ఆల్బినా కడిగిన గిన్నెలే కడుగుతోంది. “నీతో ఫోన్లో మాట్లాడాక, రేపు వెళ్లనా మాననా అన్నాడురా. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మాట వినలేదు నేను,” అంది. ఎర్విన్ ఆమె చేతిలోని గిన్నె తీసుకుని బోర్లించాడు. బయట మీ బావ పికప్పు బండిలో ఐసుపెట్టె ఉంది, కరిగిపోతుంది, లోపలికి తెమ్మంది ఆమె మళ్లీ.

ఐసుపెట్టె సీటు వెనక ఇరుక్కుంది. దాన్ని లాగుతుంటే పక్కన నిలబెట్టిన దుప్పటి చుట్ట జారి విడిపోయింది. లోపల ఇరవై బోరు తుపాకి. కొత్తది, కురచది, పక్క ఊరి కొట్టులో కొన్నదై ఉండాలి. పాతదిలా కనబడాలని, కర్ర పిడి మీది కొత్త మెరుపు పోయేదాకా ఎవరో గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దారు. ఎవరో కాదు, ఆల్ఫన్సే. గడ్డిమోపులు విసిరిన ఆ చేతులకి కూడా పన్నెండు బోరు బరువయిపోయిందన్నమాట. ఎర్విన్ ఇరవై తీసుకున్నానంటే తనూ బయటపెడదామని పొద్దుటి నుంచీ అడిగాడు. అడిగి అడిగి ఊరుకున్నాడు.

ఎర్విన్ పికప్పు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నోటికి జేబురుమాలు అడ్డంపెట్టుకుని ఏడ్చాడు. ఐసుపెట్టె లోంచి నీళ్లు కారి అతని బూట్లు తడుస్తున్నాయి.

సీటుకి ఆనుకుని ఉన్న ఆ తుపాకికి ఆల్ఫన్స్ తన పాత పన్నెండు బోరుకున్న, భుజానికి తగిలించుకునే తోలుపట్టీ విప్పి తెచ్చి కట్టాడు. పొట్టి తుపాకికి అది మరీ పొడుగయి, కింద నేలకి తగిలేలా వేలాడుతోంది.