రాతపని

“తూర్పు: కీర్తిశేషులు రత్తయ్య గారి వారసుల ఖాళీ స్థలం” అని రాసి నాగమల్లేశ్వరరావు కలం పైకెత్తాడు.

“పడమర?”

ఎదురుగా కూర్చున్న విష్ణువర్ధన్ గారు కళ్లు మూసుకున్నారు. ఆయన తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. నాలుగు కవితా సంపుటాలు సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. ఇప్పుడు ఇంటిని కూతురి పేర రాయించడానికి తెనాలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, దస్తావేజులు రాసే లేఖరులు కూర్చునే ఈ వరండాకు వచ్చారు.

“పడమటి వైపు ఒక మాస్టారుండేవారండి. ఎంతో సంస్కారవంతుడు. సాయంత్రమైతే వాళ్ల పారిజాతం వాసన మా గదంతా...”

“వాసన దస్తావేజులోకి రాదండి. పేరు చెప్పండి.”

పేరు గుర్తు రాలేదు. ఆయన భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ స్నానంలో ఉంది. మల్లేశ్వరరావు కలం దించకుండా, రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫయ్యెనిమిదేళ్లుగా ఆ వరండాలో ఆయన గమనించిన సంగతి ఒకటే. తెనాలిలో కవికి తన గుండె ఎలా కొట్టుకుంటుందో తెలుసు కానీ, తన పెరటిగోడ అవతల ఎవరున్నారో తెలియదు. కొబ్బరికాయలు అమ్మేవాడొచ్చి నాలుగు హద్దులూ ఒక్క గుక్కలో చెప్పిపోతాడు. పుస్తకాలు రాసేవాడికి ఉత్తరం ఎటో దక్షిణం ఎటో చేత్తో చూపించాల్సి వస్తుంది.

మల్లేశ్వరరావుకు అరవై రెండేళ్లు. పొట్టిగా, పల్చగా ఉంటాడు. ఏళ్ల తరబడి బల్ల మీదకు వంగి రాయడం వల్ల కుడిభుజం ఎడమభుజం కంటే రెండంగుళాలు కిందికి జారింది. నడివేలు మీద కలం ఒత్తుకున్నచోట చర్మం కాయకట్టి, చింతగింజలా నున్నగా మెరుస్తుంది. తెల్లచొక్కా చేతులు సరిగ్గా రెండు మడతలు మడుస్తాడు. ఇప్పుడు దస్తావేజులన్నీ పక్కగదిలో కంప్యూటర్ల మీద కొడుతున్నారు. అయినా చిత్తు మాత్రం మల్లేశ్వరరావు చేత్తోనే రాస్తాడు. మధ్యలో ఒక్క కాగితం పోయినా తెలియాలని, మొదటి మాట రాసేముందే కాగితాలన్నిటికీ పేజీ అంకెలు వేస్తాడు. ఆయన చిత్తు రాసిన కాగితం ఆఫీసు లోపలికి వెళ్లి తప్పుందని వెనక్కి వచ్చిన రోజు లేదు.

పడమటి మాస్టారి పేరు చివరికి దొరికింది. వెళ్లేముందు విష్ణువర్ధన్ గారు సంచిలోంచి ఒక సంపుటం తీసి, సంతకం చేసి ఇచ్చారు.

“తీరిగ్గా చదివి మీ అభిప్రాయం చెప్పాలండి.”

“అలాగేనండి” అన్నాడు మల్లేశ్వరరావు. కవి గారు మలుపు తిరగ్గానే, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా చిత్తు కాగితాల మీద దాన్ని బరువుగా పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నం బల్ల ముందుగానే సర్దేశాడు. బాపట్లలో ఒక ప్రైవేటు హైస్కూలుకు వెళ్లాలి. అక్కడ తెలుగు చెప్పే శ్రీవిద్య రెండు నెలల క్రితం తల్లి రాసిచ్చిన స్థలం రిజిస్ట్రేషన్‌కు వచ్చింది. ఆమె దరఖాస్తులో మూడు అక్షరదోషాలు దిద్ది ఇచ్చాడు. ఆమె సిగ్గుపడకపోగా సంతోషించింది. మొన్న ఫోన్ చేసింది.

“తొమ్మిదో తరగతి పిల్లలకు నెలకో వృత్తి గురించి చెప్పిస్తున్నామండి. ఈసారి రచన. వస్తానన్న రచయిత గారు రానన్నారు. రాతతో ఇన్నేళ్లు బతికినవారు నాకు తెలిసి మీరొక్కరేనండి.”

ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. నిజమే కదా, ఈ చుట్టుపక్కల ఊళ్లలో రాసి బతికినవాడు తను తప్ప ఎవడున్నాడు? పిల్లలకు చెప్పాల్సిన మాటలు రైల్లో నిడుబ్రోలు దాటేలోపే సిద్ధమయ్యాయి. బాపట్లలో దిగి, స్టేషను వంతెన మెట్లెక్కుతుంటే ఒళ్లంతా చెమట పట్టింది. మధ్యలో ఒకసారి ఆగాడు. పొద్దున తిన్న మినపట్టు మీదకు నెపం నెట్టి మళ్లీ ఎక్కాడు.

తరగతిలో నలభై మంది ఉన్నారు. “మీలో రచయితలు కావాలని ఎవరికుంది?” అని అడిగాడు. నాలుగు చేతులు లేచాయి. ఆయన చూపు పడగానే మూడు దిగాయి. వెనక వరసలో ఒకటి మాత్రం నిలబడింది. నూనె రాసి గట్టిగా రెండు జడలు వేసుకున్న పిల్ల.

“ఏంజెల్ అండి. బాగా రాస్తుంది” అంది శ్రీవిద్య.

“రాస్తుంది సరే” అని మల్లేశ్వరరావు పిల్లల వైపు తిరిగాడు. “రచయితంటే ఎవడో చెప్తా వినండి. సొంత డబ్బుతో పుస్తకం అచ్చేసుకుంటాడు. ఊరందరికీ ఊరికే పంచుతాడు. ఆ తర్వాత ఫోన్లు చేసి, చదివారా చదివారా అని అడుక్కుంటాడు. ముష్టివాడు నయం, ఇంకొకళ్ల దగ్గర తీసుకుంటాడు. వీడు ఇచ్చి మరీ అడుక్కుంటాడు.”

పిల్లలు గొల్లుమన్నారు. ఆయన గొంతు పుంజుకుంది.

“నేనూ రాస్తా. నేను ఒక్క అక్షరం తప్పు రాస్తే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. మీ కథలో తప్పు రాస్తే ఎవడొస్తాడు? ఒప్పు రాస్తే మాత్రం ఎవడొస్తాడు? అడిగే దిక్కులేని రాత ఎందుకమ్మా మనకి? బీకామ్ చదవండి. నర్సింగ్ చదవండి. ఏదీ రాకపోతే నా దగ్గరకు రండి, చిత్తు రాయడం నేర్పుతా.”

శ్రీవిద్య ముఖంలో నవ్వు తగ్గింది. అయినా మర్యాదకు ఏంజెల్ నోట్సు తెచ్చి ఆయన చేతికిచ్చింది. మల్లేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

“కాలవ గట్టున ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో ఒక అమ్మ ఉండేది. ఆమె చాలా మంచిది.” నోట్సు దించాడు. “ఏ కాలవ? ఎవరి ఇల్లు? మంచిదంటే ఏంటి? ఇంటికి నాలుగు హద్దులైనా తెలుసా నీకు, కథ రాయడానికి?”

పిల్లలు మళ్లీ నవ్వారు. ఏంజెల్ లేచి నిలబడింది. నవ్వలేదు, ఏడవలేదు.

“తూర్పు మా పెద్దనాన్నోళ్ల పాక సార్. పడమర కాలవ. ఉత్తరం నడిచే దారి, సైకిల్ పడుతుంది, ఆటో పట్టదు. దక్షిణం చూరు కింద మా అమ్మ మంచం సార్. జబ్బు చేశాక లోపల గాలాడట్లేదని అక్కడే పడుకునేది. ఇప్పుడు మంచం తీసేశాం. కోళ్లు మాత్రం ఇంకా అక్కడికే వస్తాయి, అమ్మ నూకలేసేదని.”

ఆయన నోట్సు తిప్పి చూశాడు.

“మరి ఇవన్నీ రాయలేదే?” అన్నాడు మల్లేశ్వరరావు.

“నా నోట్సు మా నాన్న చదువుతాడు సార్. మంచిది అని రాస్తే ఏం కాదు. కోళ్ల సంగతి రాస్తే అన్నం తినడు.”

ఆయన కూర్చోమని చెయ్యి ఊపాడు. ఇంకా చెప్పాల్సిన మాటలు నాలుగున్నాయి, వాటిని వదిలేశాడు. “రాతని నమ్ముకోవద్దు, అంతే” అని ముగించాడు.

“నమ్ముకోకుండా రాసుకోవచ్చా సార్?” అంది ఏంజెల్, కూర్చున్నచోటి నుంచే.

గంట కొట్టారు. శ్రీవిద్య వందన సమర్పణ చేసింది. మల్లేశ్వరరావు టీ తాగకుండానే బయటపడ్డాడు.

తెనాలి వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ పిల్లను తిట్టుకుందామని చూశాడు. తిట్టు కుదరలేదు. ఆమె స్థానంలోకి మాటిమాటికీ చెల్లెలు ఆదిలక్ష్మి వచ్చి నిలబడుతోంది.

వాళ్లది ఈపురుపాలెం. నేతపని ఇల్లు. ఆదిలక్ష్మి పద్నాలుగేళ్లప్పుడు మగ్గం గుంట పక్కన కూర్చుని పొడుగు నోటుపుస్తకాల్లో కథలు రాసేది. మూడు పుస్తకాలు నింపింది. అప్పటికి మల్లేశ్వరరావు తెనాలిలో ఒక పెద్ద లేఖరి దగ్గర పనికి చేరి ఏడాదైంది. ఇంటికి నాలుగు రాళ్లు పంపేవాడు గనక ఆయన మాటే మాట.

“ఎవరడిగారే నిన్ను ఇవి రాయమని? దారం చుట్టు. పెళ్లయినాక అదే తిండి పెడుతుంది” అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. చెల్లెలు కాగితానికి ఒకవైపే రాసేది. రెండోవైపు ఖాళీగా ఉంది కదా అని మూడు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని తెనాలి తీసుకుపోయి, చిత్తులు రాయడానికి వాడుకున్నాడు. ఆదిలక్ష్మి అడ్డు చెప్పలేదు. గుమ్మం దాకా వచ్చి, సంచి చేతికందించింది కూడా.

చిత్తులు రాస్తూ రాస్తూ, విసుగు పుట్టినప్పుడు కాగితం తిప్పి ఆ వైపు చదివేవాడు, నవ్వుకోవడానికి. ఒక కథలో వీధంతా నూలు ఆరేసి ఉంటుంది. ఒక చిన్నపిల్ల ఆ నూలు కింద వంగి వంగి నడుస్తూ, ఎటు చూసినా తెల్లటి దారాలే కనిపించి, దారి తప్పిపోతుంది. వాళ్లమ్మ పిలుస్తూ ఉంటుంది. అక్కడిదాకా చదివి తర్వాతి కాగితం కోసం వెతికితే లేదు. అంతకు వారం ముందే దాని వెనక ఎవరిదో తాకట్టు చిత్తు రాసి చించి పారేశాడు.

ఇది జరిగి నలభయ్యేళ్లయింది. తను చెప్పింది మంచి సలహా అనే ఇన్నాళ్లూ నమ్మాడు.

తెనాలి స్టేషనులో దిగి, ఇంటికెళ్లే రేపల్లె రైలుకు ఇంకా అరగంట ఉందని తెలుసుకుని, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చెల్లెలికి ఫోన్ చేశాడు.

“ఆదీ, ఆ పిల్ల దొరికిందా?”

“ఏ పిల్లన్నయ్యా? ఎవరి పిల్ల తప్పిపోయింది?” ఆదిలక్ష్మి గాబరా పడింది.

“కాదే. నువ్వు రాశావు చూడు చిన్నప్పుడు. నూలు కింద దారి తప్పిన పిల్ల. చివరికేమైంది?”

అవతల మరమగ్గాల చప్పుడు వినిపించింది.

“గుర్తు లేదన్నయ్యా. ఇప్పుడదెందుకు?”

“ఊరికే.”

“ఒంట్లో బాగుందా? అన్నం తిన్నావా?”

“తిన్నాను లే.”

“దొరికిందనే రాసుంటాను లే అన్నయ్యా” అంది ఆదిలక్ష్మి. “అప్పుడు చిన్నదాన్ని కదా.”

ఫోన్ జేబులో పెట్టుకుని, స్టేషను బయటికి నడిచి వెళ్లి, ఒక చిన్న కొట్లో పొడుగు నోటుపుస్తకం కొన్నాడు. రూళ్లున్నది, రెండొందల పేజీలది. కొట్టతను “పిల్లలకాండి?” అని అడిగితే “అవును” అన్నాడు.

రేపల్లె రైలు సాయంత్రపు ఎండలో కదిలింది. రోజూ ఎక్కే పెట్టెలోనే ఎక్కాడు. ఎదురు సీటులో కోటేశ్వరమ్మ కూర్చుంది. తెనాలిలో ఒక నర్సింగ్ హోములో ఆయాగా చేస్తుంది. రెండేళ్లుగా రాకపోకల్లో ముఖపరిచయం.

“ఏంటి బాబాయ్, ఇవాళ కూడా రాతేనా?” అంది, ఆయన ఒళ్లో పుస్తకం తెరిచి కలం తీయడం చూసి.

“చిన్న పనుందమ్మా” అన్నాడు.

వేమూరు దాటాక ఆమె కునుకు తీసింది. భట్టిప్రోలులో మెలకువ వచ్చి చూస్తే ఆయన ఇంకా కలం పట్టుకుని పుస్తకం మీదకు వంగే ఉన్నాడు. రేపల్లెలో బండి ఆగింది. అదే ఆఖరి స్టేషను. అందరూ దిగారు. ఆయన కిటికీ చువ్వలకు తల ఆనించి అలాగే ఉన్నాడు.

“బాబాయ్, ఊరొచ్చింది” అని కోటేశ్వరమ్మ భుజం తట్టింది. మళ్లీ తట్టలేదు. ఆసుపత్రిలో పదేళ్లు చేసిన మనిషి, తట్టగానే తల అలా వాలిపోవడం ఏమిటో ఆమెకు తెలిసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి రైల్వే వాళ్లను పిలిచింది. ఇద్దరు వచ్చి ఆయనను దించారు. ఆయన సంచి, కళ్లజోడు, ఫోన్ కోటేశ్వరమ్మే పట్టుకుని, ఇంటివాళ్లు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుంది.

బండి మళ్లీ తెనాలికి బయల్దేరింది. పొడుగు నోటుపుస్తకం సీటుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉండిపోయింది. దానిలో కథ లేదు, చిత్తు లేదు. ప్రతి కాగితం పైమూలనా గుండ్రటి దస్తావేజు అక్షరాలతో పేజీ ఒకటి, పేజీ రెండు అని ముప్ఫయ్యేడు దాకా వరసగా రాసి ఉంది. ఆ తర్వాతి కాగితం మీద ‘పేజీ’ అన్న మాట ఉంది, అంకె లేదు.