శంకర్రావును పడుకోబెట్టాను

శంకర్రావు ముక్కు నేలకు రాయించాలన్నదే నా కోరిక. ఎవరడిగినా ఇదే చెబుతాను, నాకేం సిగ్గు లేదు. గల్లీని ఉద్ధరించాలని నేను కమిటీలో చేరలేదు. వాడి మీద కసితో చేరాను. ఇప్పుడు జనం వచ్చి "నీవల్ల అందరికీ మేలైంది గంగక్కా" అంటే, సరేలే అని ఊరుకుంటున్నాను.

మాది కామాఠిపురాలో ఒక పాత చాల్, ఖోలీలనే ఒంటిగది ఇళ్ళు వరసగా ఉన్న భవనం. మూడో మాలాలో, అంటే మూడో అంతస్తులో, వీధివైపు కిటికీ ఉన్న ఖోలీ మాది. గల్లీ మొదట్లో, లీడరునని తిరిగే ఈ శంకర్రావు మిత్రమండల్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే పెద్ద మేడేం కాదు, రేకుల షెడ్డు. మొదట ఎండాకాలంలో బాటసారులకు మంచినీళ్ళ కుండలు పెడతానని నాలుగు కర్రలు పాతాడు. తరవాత రేకులొచ్చాయి, క్యారం బోర్డు వచ్చింది, వాడి పళ్ళు కనబడే బ్యానర్లు వచ్చాయి. చూస్తుండగానే సగం దారి మింగేశాడు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కూల్చేస్తారేమోనని భయం పట్టుకోగానే లోపల ఒక మూల గూడు కట్టి ఎల్లమ్మ తల్లిని కూర్చోబెట్టాడు. ఇక ఎవరు ముట్టుకుంటారు? పాలమూరు నుంచి ఈ మరాఠీ పట్నానికి తట్టలు మోయడానికి వచ్చిన వాళ్ళ పిల్లలం మేము. ఎల్లమ్మ అంటే మాకు ప్రాణం. అది తెలిసే చేశాడు.

పోయిన వేసవిలో మా చాల్ కింద బ్యాగులు కుట్టే కార్ఖానాలో మంటలు లేచాయి. పట్టపగలు. నేను కూరగాయలకు పోయి అప్పుడే గల్లీలోకి వస్తున్నాను. చాల్‌లో అందరూ దిగి పరిగెత్తారు, మా ఆయన లస్మయ్య తప్ప. ఆయన సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్న మనిషి. గోడ పట్టుకుని కిటికీ దాకా రాగలడు, అంతే. మెట్ల నిండా పొగ. ఫైర్ బండి తొందరగానే వచ్చింది పాపం. వచ్చి, శంకర్రావు షెడ్డు దగ్గర ఆగిపోయింది.

షెడ్డును బండితో తోసేస్తామన్నారు ఫైరోళ్ళు. అప్పుడు వీడు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు. "లోపల అమ్మోరున్నది! ఎవడన్న చెయ్యేసిన్రో, గల్లీకే అరిష్టం!" అని అరిచాడు. జనం తలలు దించుకుని వెనక్కి జరిగారు. ఫైరోళ్ళు పైపులు చేత్తో లాక్కుంటూ పరిగెత్తారు గానీ నిచ్చెన బండి మీదే ఉండిపోయింది. కిటికీలో మా ఆయన బనీనుతో నిలబడి నాకేసి చెయ్యి ఊపాడు. కాసేపటికి ఆ చెయ్యి కనబడలేదు.

దినాలనాడు శంకర్రావు వచ్చి బియ్యం బస్తా దింపించి నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ బస్తాను నేను ఖోలీ బయటికి ఈడ్చేశాను. ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదు.

ఈ ఏడు వానలకు ముందు వార్డు ఆఫీసు వాళ్ళు గల్లీకొక భద్రతా కమిటీ వేశారు. మంటలు లేచినా, ఇళ్ళు కూలినా సర్కారు సిద్ధంగా ఉందో లేదో జనమే చూడాలట, లోపముంటే జనమే నిలదీయాలట. స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. ఆపదల విభాగం అధికారి ప్రాజక్త మేడం వచ్చింది. చిన్న వయసే గానీ గట్టి మనిషి. అందరికీ అర్థమయ్యే మరాఠీలో నిదానంగా చెప్పి, మీ గల్లీ నుంచి ఒక ఆడమనిషి పేరు చెప్పండి అంది.

శంకర్రావు ఎగిరి లేచాడు. "గంగాబాయి!" అన్నాడు. వాడి లెక్క నాకు తెలుసు. మునిసిపల్ ఎలక్షన్‌లో టికెట్ కోసం పార్టీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. మంటల్లో మొగుడు పోయిన ఆడది తన మనిషిగా కమిటీలో ఉంటే వాడికి పేరు. పైగా దీనికేం తెలుసు, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడుతుంది అనుకున్నాడు. "మా గంగక్క బంగారం. నోట్ల నాలుక లేని మనిషి" అన్నాడు అందరి ముందూ. నా పక్కనున్న లక్ష్మవ్వ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మా పక్క ఖోలీ ముసలామె, నా నోటి సంగతి ఆమెకు తెలుసు.

మేడం మాక్ డ్రిల్ గురించి చెప్పింది. ప్రమాదం జరిగినట్టు నటించి, బండి ఎలా వస్తుందో, మనుషుల్ని ఎలా దించుతారో చూడటం. ఎప్పటిలాగే స్కూలు మైదానంలో చేద్దామన్నారు ఎవరో. నేను లేచాను.

"మేడం, మైదానంల మనుషులుంటున్నరా? మంటలు గల్లీల లేస్తయి, గల్లీలనే చెయ్యిన్రి. మూడో మాలాల నా ఖోలీకి రానియ్యిన్రి బండి."

"నీ ఖోలీకే ఎందుకు?" అని అడిగింది.

"మా ఆయన ఆడనే సచ్చిపోయిండు."

మేడం నా మొహంలోకి చూసి, సరే అంది. శంకర్రావు మొహం మాడిపోయింది.

బయట నన్ను పట్టుకున్నాడు. "ఏందక్కా, నాకొక్క మాట చెప్పకుంట గట్లనేసినవ్?"

ఒళ్ళు మండుతున్నా నవ్వు తెచ్చుకున్నాను. "నీ మంచికే తమ్మీ! డ్రిల్లుల ఒక పేషెంటు గావాలంట. కిటికీలకెళ్లి నిచ్చెన మీద దించుతరంట. ఈడియోలు తీస్తరు, పేపర్లేస్తరు. అందరికన్న పెద్ద ఫోటో పేషెంటుదే ఉంటది. గా జాగ నీకు గాక ఇంకెవనికిస్త?"

వాడి కళ్ళు మెరిశాయి. "మరి షెడ్డు?"

"బండి చిన్నదంట తియ్యి, పడుతది."

అబద్ధమే చెప్పాను. పాపం తగిలితే తగలనీ.

ఆదివారం పొద్దున శంకర్రావు ఇస్త్రీ లాల్చీ వేసుకుని, సెంటు కొట్టుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు. లస్మయ్య మంచం మీద పడుకోబెట్టాం. కాలు విరిగినట్టు లెక్క కాబట్టి రెండు కాళ్ళకూ చెక్క పెట్టి కట్టాలి. నేనే కట్టాను, గట్టిగా. కమిటీ మనిషిగా పేషెంటు పక్కన కూర్చోవడం కూడా నా పనే. మెట్ల మీద పొగ డబ్బాలు వెలిగించారు. ఆ పొగ మనిషినేం చెయ్యదని మేడం నాకు ముందే చెప్పింది. నేను వాడికి చెప్పలేదు.

సైరన్ వినబడింది. శంకర్రావు జుట్టు సవరించుకున్నాడు. సైరన్ దగ్గరికి వచ్చి ఒక్కచోటే మోగడం మొదలుపెట్టింది.

"ఒచ్చిందా అక్కా?"

"ఒచ్చింది."

"ఏడుంది?"

"నీ షెడ్డు కాడ."

వాడు ఫోన్ తీసి తన కుర్రాడు నిలేష్‌కు చేశాడు. "అరే, రేకులు జర పక్కకు గుంజున్రి రా!" నిలేష్ ఏదో గొణిగాడు. కింద మేడం ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వడం లేదు. ఎట్లా ఉందో అట్లాగే చూడాలని ఆమె మాట.

తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వచ్చింది. శంకర్రావు దగ్గాడు. "అక్కా, కట్లిప్పు. నేనే నడుసుకుంట దిగిపోత."

"కాలిరిగినోడు ఎట్ల నడుస్తడు?"

"అరే, గిది నాటకమే గదా!"

"నీకు నాటకం. మా ఆయనకు గాదు."

వాడు నాకేసి చూశాడు. గది మసకబారుతోంది. సైరన్ అక్కడే మోగుతోంది. "ఇంకెంత సేపే? ఊపిరాడ్తలేదక్కా, నీ కాల్మొక్త" అన్నాడు. నేను మంచం పక్కనే పీట మీద కూర్చుని కదల్లేదు. తనను ఆ మంచం మీదికి ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో వాడికి అప్పుడు తట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి. నిజం చెప్పొద్దూ, ఆ భయం చూస్తుంటే నాకు కడుపు నిండా అన్నం తిన్నట్టయింది.

ఆఖరికి ఫైరోళ్ళు మెట్లెక్కి వచ్చి వాడిని మోసుకుని దిగారు. కిందకు దించగానే మేడం అందరి ముందూ అడిగింది. డ్రిల్ అయ్యాక మొదట పేషెంటును అడగాలన్నది ఆమె పద్ధతి.

"బండి మీ దాకా ఎందుకు రాలేకపోయింది?"

వాడు నీళ్ళు నమిలాడు. "గల్లీ ఇరుకు మేడం, తెల్లోళ్ళ జమానాది."

"గట్లనా?" అన్నాను నేను. "అయితే ఇంకోపారి చేద్దాం మేడం. పేషెంటు గీయననే పెట్టి."

జనం గొల్లున నవ్వారు. శంకర్రావు గబగబా అనేశాడు. "షెడ్డు... షెడ్డు జర అడ్డమున్నది."

"ఎవరి షెడ్డు?" అంది మేడం.

"నాదే."

అందరి చేతుల్లో ఫోన్లు వీడియో తీస్తూనే ఉన్నాయి. ఇక అయిపోయాడనుకున్నాను. కానీ వాడు అంత తేలిగ్గా దొరికే రకమా? గొంతు సవరించుకుని జనం వైపు తిరిగాడు. "గని అమ్మోరున్నది లోపల. కదిలిస్తె గల్లీకి అరిష్టం. మీకే ఇడుస్తున్న."

అదే మాట. అవే మనుషులు. ఆ రోజు దించినట్టే తలలు దించారు. నాకు నెత్తురు ఉడికిపోయింది. "సిగ్గు లేదారా మీకు!" అని నోరు తెరిచేలోగా లక్ష్మవ్వ నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది. ఆ గూట్లో రోజూ దీపం పెట్టేది ఆమే.

"ఓరి శంకరిగా, అమ్మోరు నీ అయ్య సొమ్మారా? నువ్వు కూసవెట్టినవ్, దీపం నేను వెట్టిన. నీ రేకులు కావలి గాయడానికా అమ్మోరు? మంగళారం బోనం జేస్తం. తల్లీ, మా ఇంటికి రావే అని అడుగుతం. రానంటదా సూద్దాం."

మంగళవారం గల్లీ ఆడవాళ్ళందరం బోనాలు ఎత్తాం. శంకర్రావు తల్లి కూడా ఎత్తింది, కొడుకు వద్దంటున్నా వినలేదు. డప్పులు మోగుతుంటే లక్ష్మవ్వ ఎల్లమ్మను పసుపు గుడ్డలో పెట్టి చంటిపిల్లలా ఎత్తుకుంది. చాల్ ఆవరణలో నీళ్ళ నల్లా పక్క గోడకు కొత్త గూడు చేయించాం. తల్లిని అందులో కూర్చోబెట్టాం. ఏ అరిష్టమూ జరగలేదు. మర్నాడు మునిసిపాలిటీ లారీ వచ్చి షెడ్డు విప్పుకుపోయింది. నేను వంట మానేసి నిలబడి చూశాను. ఒక్కో రేకు ఊడిపడుతుంటే ఇంకా, ఇంకా అని లోపల అనుకుంటూనే ఉన్నాను. శంకర్రావు ఇంట్లోంచి బయటికి రాలేదు.

మేడం రెండో డ్రిల్ పెట్టింది. పేషెంటుగా రానని వాడు కబురు పంపాడు. నేనే వాడి ఇంటికి పోయాను.

"రాకు తమ్మీ, నీ ఇష్టం. నా కాల్మొక్త అని నువ్వేడ్సింది నా ఫోన్ల ఉన్నది. పార్టీ ఆఫీసోళ్ళకు జూపిస్త."

నా ఫోన్‌లో ఏమీ లేదు. అయినా వచ్చాడు.

ఈసారి నేను పైన కూర్చోలేదు. మంటల రోజు నేను నిలబడ్డ చోటే, గల్లీలో నిలబడ్డాను. సైరన్ వినబడింది. బండి గల్లీ మొదట్లో ఆగకుండా నేరుగా మా చాల్ ముందుకొచ్చింది. నిచ్చెన లేచింది, మా కిటికీకి ఆనింది. ఒక ఫైరతను చకచకా ఎక్కిపోయాడు. శంకర్రావును భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నేను కొంగు సర్దుకునేలోగా వాడి కాళ్ళు నేల మీద ఉన్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం రాలేదు. గుండెలో మంట లేచింది. ఇంత సులువా? ఇంత చిన్న పని కోసమా నా మొగుడు ఆ కిటికీలో నిలబడి నిలబడి చచ్చిపోయాడు?

శంకర్రావు లాల్చీ దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించాడు. "అక్కా, అయిపాయె. ఇగ నీ మనసు సల్లవడ్డదా?"

"బతికినవా?" అన్నాను.

"బతికిన అక్కా."

"మా లస్మయ్య గూడ గిట్లనే బతుకుతుండె."

మేడం తన పద్ధతి ప్రకారం ముందుకొచ్చి పేషెంటును అడిగింది. బండి ఎలా రాగలిగింది, పోయినసారికీ ఇప్పటికీ తేడా ఏమిటి అని. వాడు నేల చూపులు చూశాడు. నేను వాడి లాల్చీ కాలరు పట్టుకున్నాను. మేడం నన్ను ఆపలేదు. వాడి కుర్రాళ్ళు కూడా కదల్లేదు.

"చెప్పు" అన్నాను.

"షెడ్డు లేకుంటె..." అని గొణిగాడు. "నా షెడ్డు లేకుంటె లస్మయ్యన్న బతుకుతుండె."

"ఇనబడ్తలేదు. మూడో మాలా దాంక ఇనబడాలె. గట్టిగ చెప్పు."

శంకర్రావు తలెత్తి మా కిటికీకేసి చూసి, మళ్ళీ చెప్పాడు.