ఆరేళ్లలో ఒక్క చావు లేదు

నా భార్య లాలిని జ్వరం చంపలేదు. ముప్పైనలుగురు సిస్టర్లు వైరాలో కూర్చుని, ప్రార్థన చేసి, చీటీలు వేసి చంపారు. దీనిమీద నాకు ఎవరితోనూ వాదన లేదు.

మా తండా ఏన్కూరు నుంచి అడవిలోకి పద్నాలుగు కిలోమీటర్లు. దారిలో రెండు వాగులు. తండా చివర పెంకుటింట్లో సిస్టర్ల దవాఖానా ఉండేది. రెండు గదులు, వెనక ఒక చేదబావి. సిస్టర్ జోజమ్మ అందులో పదిహేడేళ్లు ఉంది. ఆమె నర్సు. పుట్టింది గుంటూరు వైపు, కానీ మా మాట మాట్లాడడం నేర్చుకుంది. మమ్మల్ని చర్చికి రమ్మని ఎప్పుడూ అడగలేదు. మా శీత్లా అమ్మవారి పండగకి మేకను కోస్తే మా మధ్యే నిలబడి చూసేది.

తొంభై ఎనిమిది వానాకాలంలో మా చుట్టుపక్కల నాలుగు తండాల్లో జ్వరంతో తొమ్మిది మంది పోయారు. ఆ మరుసటి ఏడు ఆమె ఎక్కడినుంచో ఒక మైక్రోస్కోపు తెప్పించింది. నేను ఏడో తరగతి దాకా చదివాను. అప్పటికి తండాలో అంతకంటే చదివినవాడు లేడు. అందుకని నన్ను దానిముందు కూర్చోబెట్టింది.

పని పెద్దదేం కాదు. ఉంగరపు వేలు మీద సూదితో పొడవాలి. చుక్క రక్తం గాజుపలక మీద పూయాలి. ఆరాక నీలం రంగు మందు పోసి కడగాలి. అప్పుడు చూడాలి. మలేరియాలో మామూలుది ఒకటి, మెదడుకెక్కేది ఒకటి. మెదడుకెక్కేదాని పురుగు సన్నటి ఉంగరంలా కనబడుతుంది. దాని మందు వేరు. మామూలు గోళీలు దానికి పనిచేయవు. చూడకుండా గోళీ ఇస్తే చేతులు విరగ్గొడతానని సిస్టర్ జోజమ్మ నాతో అనేది.

చూడకుండా నేను ఎవరికీ ఇవ్వలేదు. మైక్రోస్కోపు అడుగున తెల్ల రంగుతో నా పేరులో మొదటి అక్షరం రాసుకున్నాను. లాలి ఎగతాళి చేసేది.

"పొద్దంత మంది నెత్తుటిలకే చూస్తవు. పెండ్లాం మొకం ఎట్లుంటదో యాదికుందా?"

"నీకు జ్వరమొస్తే నీది గూడ చూస్త."

"అవ్, గప్పుడన్న చూస్తవులే."

రెండువేల ఐదు చివర్లో వాళ్ల సంఘానికి మహాసభ వచ్చింది. ఆరేళ్లకోసారి జరుగుతుంది. ఏ ఊళ్లో ఉండాలి, ఏది వదలాలి, కొత్తగా ఏం మొదలుపెట్టాలి, అంతా అక్కడే తేలుస్తారు. కొత్తగా సిస్టర్లయ్యే పిల్లలు తగ్గిపోయారు, ఉన్నవాళ్లకు ముసలితనం వచ్చింది. అన్నీ నడపలేరు. ఈసారి తమ పని జరిగే చోట్ల నుంచి ఒక్కొక్కరిని పిలిచి, వాళ్ల మాట విని, ఆ తర్వాత తేలుద్దామనుకున్నారు. మా దవాఖానా నుంచి నన్ను పిలిచారు.

సిస్టర్ జోజమ్మ దాచలేదు.

"వదిలేటి వాటి లిస్టుల మన దవాఖానా పేరుంది తుల్సీరాం. ఓటెయ్యనీకి నాకు ఒక్క చీటీయే. నువ్వు చెప్పాలె."

"ఏం చెప్పాలె సిస్టరమ్మా?"

"ఉన్నది చెప్పు. వాగులు పొంగితే ఎట్లుంటదో చెప్పు. మేం పోతే ఏమైతదో చెప్పు. మమ్మల్ని పొగడకు. నీకు దండం పెడత, పొగడకు."

బయల్దేరేటప్పుడు లాలి నా తెల్ల చొక్కా ఉతికి ఇచ్చింది. గుండీ పెడుతూ అంది:

"నీకు అడుగుడంటే నామోషి. ఒక్కసారి నా కోసం అడుగు. ఉండుండ్రి, పోకుండ్రి అని అడుగు. గంతే."

వైరాలో రిజర్వాయరు పక్కన వాళ్ల ఇంగ్లీషు మీడియం బడి. సభ అక్కడే. నేను పొద్దున పదింటికే వెళ్లాను. లోపల ఏవో లెక్కలు, ఏవో ప్రార్థనలు. బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నానికి పిలిచారు. మటన్ వండారు. సంఘానికంతటికీ పెద్దావిడ, మదర్ అంటారు, ఆమే గిన్నె పట్టుకుని వచ్చి నా పళ్లెంలో వడ్డించింది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. చెయ్యి వణుకుతోంది. వద్దన్నా రెండోసారి వేసింది.

మా తండాలో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఇంట్లో అన్నం తిన్నాక ఆ పూట ఆ ఇంటివాళ్లకు మన లోటు చెప్పుకోకూడదు, ఏదీ అడగకూడదు. అడిగితే వాళ్లు పెట్టింది చాలలేదని వాళ్ల మొహానే అన్నట్టు. మా దగ్గర పిల్లనడగడానికి వెళ్లినవాళ్లు అన్నానికి ముందే అడుగుతారు. మాట తెగకపోతే తినకుండా లేచిపోతారు. తిన్నారంటే ఇక అడిగేది లేదని అర్థం. నేను అన్నానికి ముందే మాట్లాడి ఉండాలి. అన్నానికి ముందు నన్నెవరూ పిలవలేదు.

తిన్నాక పిలిచారు. పెద్ద హాలు. గుండ్రంగా కుర్చీలు, మధ్యలో ఒక కొవ్వొత్తి. గోడకు మూడు పెద్ద కాగితాలు. వాటిమీద తెలుగులో పెద్ద అక్షరాలు. ఒకదానిమీద 'కొనసాగించాలి'. ఒకదానిమీద 'కొత్తగా మొదలుపెట్టాలి'. మూడోదానిమీద 'పని పూర్తయింది'.

నేను నిలబడ్డాను. దారిపొడుగునా అనుకున్నదంతా నాలుక చివర ఉంది. కడుపులో వాళ్ల అన్నం ఉంది.

"మీ దయవల్ల మా తండాలు మంచిగున్నయి," అన్నాను. "ఆరేండ్లల్ల జ్వరంతోని ఒక్క చావు లేదు. నెత్తురు నేనే చూస్త. సిస్టరమ్మ నాకు అంతా నేర్పింది. ఇయ్యాల మాకు ఏ లోటు లేదు."

చప్పట్లు కొట్టారు. ఒక సిస్టర్ కళ్లు తుడుచుకుంది. ఇంకొక చిన్న సిస్టర్ పసుపు కాగితం ముక్క మీద ఏదో రాసుకుని లేచి గోడ దగ్గరికి వెళ్లింది. మూడో కాగితం కింద అంటించింది. ఆమె చేతిరాత బాగుంది. కూర్చున్న చోటినుంచే చదవగలిగాను. 'ఆరేళ్లలో ఒక్క చావు లేదు.'

మదర్ నావైపు చూసింది.

"ఇంకేమైనా చెప్తారా బాబూ? మొహమాటం వద్దు. మీ మాట వినడానికే కూర్చున్నాం."

సిస్టర్ జోజమ్మ తల దించుకుని ఉంది. నాకు లాలి గుర్తొచ్చింది. వడ్డించిన ఆ చెయ్యి ఎదురుగా కనబడుతోంది.

"ఏం లేదమ్మా," అన్నాను.

తర్వాత మమ్మల్ని బయటికి పంపి తలుపులు వేసుకున్నారు. గంటసేపు మౌనంగా ప్రార్థన చేస్తారట. ఆ మౌనంలో దేవుడు దారి చూపిస్తాడట. ఆ తర్వాత చీటీలు. నేను కట్ట మీద కూర్చుని నీళ్లు చూశాను. పొద్దు వాలుతుండగా లోపల పాట మొదలైంది. కృతజ్ఞతల పాట. సిస్టర్ జోజమ్మ ఒక్కతే బయటికి వచ్చింది.

"మూసెయ్యాలని ఇరవై ఎనిమిది, వద్దని ఆరు," అంది. "పొగడొద్దన్న గద."

"అన్నం తిన్న సిస్టరమ్మా."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పదిహేడేండ్లు మీ నడుమ ఉన్న. నిన్ను అన్నానికి ముందే మాట్లాడించుమని అడగాల్సుండె. నాకే తోచలే తుల్సీరాం. నాకే తోచలే."

తోచకపోవడం కూడా తప్పే. ఆమెది ఆమెకు, నాది నాకు.

ఇంటికి వచ్చేసరికి లాలి వాకిట్లో ఉంది.

"ఏం కూర పెట్టిన్రు?"

"మటన్."

ఆమె నా మొహం చూసింది. "అయితే అడగలే," అని లోపలికి వెళ్లిపోయింది.

సంక్రాంతి దాటాక వ్యాన్ వచ్చింది. మంచాలు, బీరువా, మందుల పెట్టెలు ఎక్కించారు. మైక్రోస్కోపు వైరా బడిలో ల్యాబుకి అన్నారు. దాన్ని నాకు వదలమని సిస్టర్ జోజమ్మ అడిగింది. సభ చేసిన లిస్టులో అది బడి కింద రాసి ఉందన్నారు. నాకు శాలువా కప్పారు. తండా ప్రజలు తమ కాళ్ల మీద తాము నిలబడ్డారని ఒక కాగితం చదివారు. సిస్టర్ జోజమ్మను భద్రాచలం పంపారు. పోతూ పోతూ ఆమె నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. అందులో గాజుపలకలు, నీలం మందు సీసా, మిగిలిన మామూలు గోళీలు.

ఆగస్టులో గోదావరి పొంగింది. మా వాగులూ పొంగాయి. లాలికి జ్వరం వచ్చింది.

అలవాటు కొద్దీ ఆమె వేలు పొడిచాను. పలక మీద పూశాను. ఆరబెట్టి, రంగు పోసి, కడిగాను. పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. వెలుతురులో నీలం మరక కనబడింది. అంతే. ఉత్త కంటికి అంతకంటే కనబడదు.

లాలి మంచం మీదినుంచి చూసి నవ్వింది. "చూస్తనంటివి గద. చూడు మరి."

"మామూలు జ్వరమే," అన్నాను.

పది జ్వరాల్లో ఏడు మామూలువే. ఏడు వైపు ఉందనుకున్నాను. చూడకుండా గోళీలు ఇచ్చాను. జీవితంలో ఒక్కసారే ఇచ్చాను.

నాలుగో రోజు ఆమె నన్ను గుర్తుపట్టలేదు. చచ్చిపోయిన వాళ్లమ్మను పిలిచింది. మా అక్క కొడుకు రామ్‌సింగ్ ట్రాక్టరు తెచ్చాడు. మొదటి వాగు దగ్గర ట్రాక్టరు ఆగిపోయింది. మంచాన్ని నలుగురం భుజాల మీద పెట్టుకుని దాటాం. రెండోది దాటనివ్వలేదు. నీళ్లు మెడదాకా ఉన్నాయి. ఒడ్డున మంచం దించి, తగ్గుతుందేమోనని కూర్చున్నాం. మూడు రోజులుగా పడుతున్న వాన ఆగి ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. ఎండలోనే ప్రాణం పోయింది. సాయంత్రానికి వాగు తగ్గింది.

దినాలయ్యాక గాజుపలకను గుడ్డలో చుట్టుకుని వైరా వెళ్లాను. బడిలో సైన్సు టీచరు సుబ్బరత్నం అనే ఆమె. దవాఖానాలో పనిచేసినవాణ్ణని, ఒక్కసారి చూసి పోతానని చెప్పాను. ఆడపిల్లలు వరసగా నిలబడి మైక్రోస్కోపులో ఉల్లిపాయ పొర చూస్తున్నారు. అడుగున నా తెల్ల అక్షరం అట్లాగే ఉంది. పిల్లల్ని పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

పలక పెట్టాను. తిప్పాను. ఆరేళ్లలో చాలా చూశాను గాని ఇంత దట్టంగా ఎప్పుడూ చూడలేదు.

"ఏం కనబడుతోంది బాబాయ్?" అంది సుబ్బరత్నం.

"ఉంగరాలు," అన్నాను.

చూడముచ్చటగా ఉన్నాయేమోనని ఒక పిల్ల తానూ చూస్తానంది. పలక తీసేసుకుని వచ్చేశాను.

రెండేళ్ల తర్వాత సిస్టర్ జోజమ్మ వచ్చింది. ఏన్కూరులో బస్సు దిగి, ఆటో దొరికినంత దూరం ఆటోలో వచ్చి, మిగతాది నడిచింది. మోకాళ్లు పోయాయి. ఆమె ఎందుకొచ్చిందో రామ్‌సింగ్ ముందే చెప్పాడు. సభ తేల్చిన దారి ఎట్లా నడుస్తోందో మధ్యలో ఒకసారి చూసుకుంటారట. అడవిలో ఒక దవాఖానా మళ్లీ తెరవచ్చేమోనని మాట ఉందట. ఎక్కడ అన్నది తేలలేదట. ఆ వానాకాలం మా తండాల్లో ముగ్గురు పోయారు. ఒకతె రామ్‌సింగ్ చెల్లెలు.

ఆమె అరుగు మీద కూర్చోగానే నేను పళ్లెం తెచ్చి ముందు పెట్టాను. రెండు జొన్నరొట్టెలు, పప్పు. నీళ్లు.

ఆమె పళ్లెం చూసింది. నన్ను చూసింది.

"తింటే అడగనియ్యవు," అంది.

"ఆకలైతది. తిను సిస్టరమ్మా."

"ఆకలైతనే ఉంది." పళ్లెం పక్కకు జరిపింది. "అడుగుత. ఒక్కసారి వైరా రా తుల్సీరాం. లాలి ఎట్ల పోయిందో చెప్పు. నిన్ను అన్నానికి ముందే మాట్లాడిస్తరు. మదర్ దగ్గర మాట తీసుకున్న."

"రాను."

"పోనీ, ఆ గాజుపలక ఇయ్యి. నేనే చూపెడత. నువ్వు మాట్లాడకు."

"పగిలింది."

పగల్లేదు. లోపల పెట్టెలో ఉంది.

రామ్‌సింగ్ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. "పో మామా," అన్నాడు. "అత్త కోసం గాకున్నా మిగిలినోళ్ల కోసమన్న పో. నోరు తెరిస్తే నీ సొమ్మేం పోతది?"

ఒకసారి తెరిచాను. వాళ్లు దాన్ని పసుపు కాగితం మీద రాసి గోడకు అంటించారు. లాలిని కూడా అట్లాగే రాస్తారు, మంచి చేతిరాతతో. ఏ కాగితం కింద అంటించాలో మళ్లీ వాళ్లే మౌనంగా కూర్చుని తేలుస్తారు. కొందరు కళ్లు తుడుచుకుంటారు. దానికి నా భార్యను ఇవ్వను.

సిస్టర్ జోజమ్మ తినకుండానే లేచింది. మా ఇంట్లో తినకుండా లేచిపోయినవాళ్లు అంతకుముందు లేరు. వాగుదాకా రామ్‌సింగ్ తోడు వెళ్లాడు. ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడడు. వాడి ఇష్టం.

అడవిలో దవాఖానా తెరవలేదు. మా దగ్గరా తెరవలేదు, ఇంకెక్కడా తెరవలేదు. నేను వెళ్లి ఉంటే తెరిచేవారేమో అంటారు తండాలో. కావచ్చు. కాకపోవచ్చు. జరిగింది జరిగినట్టు ఇక్కడ ఒక్కసారి రాశాను. లాలి గురించి గానీ, ఆ సభ గురించి గానీ ఇక ఎవరు అడిగినా చెప్పను.