నలభై ఒక్క చోట్ల లోర్నా

కూతురికి జ్వరం తగ్గిందట, ఎవరి కూతురికి, నాకు పిల్లలే లేరు కదా, అయినా కింద ఉన్న పేరు నాదే, ఈ భాగం పనిచేసింది, నా కూతురికి జ్వరం తగ్గింది, రెండూ ఒకే ఉదయం, కింద లోర్నా, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, ఇరవై ఏళ్ళ కిందటి మాటలు, నేనైతే రాయలేదు, రాసి ఉంటే గుర్తుండేది, జ్వరం మరిచిపోయినా కూతురైనా గుర్తుండాలి కదా మనిషికి, కిటికీ అవతల సన్నటి జల్లు, సియాటిల్‌లో దీన్ని వాన అని కూడా అనరు, గొడుగు పట్టుకున్నవాణ్ణి చూసి పొరుగూరివాడనుకుంటారు, టైము తొమ్మిదీ నలభై, పన్నెండింటికి ఈ కోడంతా లోకానికి తెరిచేస్తున్నారు, ముప్పై ఏళ్ళు తాళం వేసి కాచుకున్న సరుకు, ఇకమీద ఎవడైనా వచ్చి చదువుకోవచ్చు, పట్టుకుపోవచ్చు, నచ్చకపోతే దిద్దనూ వచ్చు, తెరిచేముందు ఊడ్చే పని నాది, కోడ్ రాసేవాళ్ళు వరసల మధ్య తమలో తాము రాసుకునే కామెంట్లుంటాయి, యంత్రం వాటిని చదవదు, తర్వాత వచ్చే మనుషుల కోసం అవి, అందులో బూతులుంటాయి, కొనేవాళ్ళ మీద విసుర్లుంటాయి, పేర్లుంటాయి, చుట్టాలొచ్చేముందు ఇల్లు సర్దినట్టు అవన్నీ ఏరెయ్యాలి, జల్లెడ పట్టే ప్రోగ్రాం పొద్దున్నే లెక్క చెప్పింది, ఈ ఒక్క భాగంలో ఒకే పేరు నలభై ఒక్క చోట్ల ఉంది, లోర్నా, ఇంత వాగుడుకాయనా నేను అని నవ్వుకుంటూ ఒక్కొక్కటీ తెరిచాను, నాలుగోదాని దగ్గర నవ్వు ఆగిపోయింది.

నన్ను పిలవాలంటే కుడివైపు నుంచి పిలవండి, ఎడమ చెవి పనిచెయ్యదు, లోర్నా, ఎడమ చెవి దగ్గర చిటిక వేసి చూసుకున్నాను, వినిపించింది, మళ్ళీ వేశాను, నిజంగా వినిపించిందా, వేశాను కాబట్టి వినిపించిందనుకున్నానా, ఇంకోచోట, నేను పోయాక కూడా ఇది తనంతట తనే లేస్తుంది, భయపడకండి, లోర్నా, ఇది నిద్రపోతున్న పనుల్ని లేపే భాగం, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు పనుల్ని పడుకోబెట్టి, అవసరం రాగానే తట్టి లేపుతుంది, అంతే దాని ఉద్యోగం, లేవడం అంటే అదే, నాకు తెలుసు, అయినా పోయాక అన్న మాట దగ్గర నా పేరు, దాని తర్వాతది మరీ విడ్డూరం, ఇక్కడ లోర్నా చెప్పినట్టే ఉంచాను, నాకు అర్థం కాలేదు గానీ పనిచేస్తోంది, కింద మళ్ళీ లోర్నా, ఎవరు చెప్పారు, ఎవరు ఉంచారు, ఎవరికి అర్థం కాలేదు, ఈ ఇద్దరిలో నేనెవర్ని.

అమ్మకి అరవై ఒకటో ఏట మొదలైంది, నాకిప్పుడు యాభై ఎనిమిది, మరిచిపోతున్నానని తెలిశాక ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకునేది, స్టవ్ ఆపేశాను, హేజెల్, తలుపు గడియ వేశాను, హేజెల్, తన పేరు ఉంటే తనే నమ్ముతుందని సంతకం, ఎవరెట్ ఊళ్ళో ఆ వంటింటి నిండా పసుప్పచ్చ చీటీలు, ఒకరోజు వెళ్ళేసరికి అమ్మ నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళి గొంతు తగ్గించి అడిగింది, ఎవరే ఈ హేజెల్, నేను లేనప్పుడు నా ఇంట్లో దూరి రాతలు రాసి పోతోంది, పోలీసుల్ని పిలుద్దామా, నువ్వేనమ్మా హేజెల్ అన్నాను, నన్ను జాలిగా చూసింది, పిచ్చిదానివి, నేను అంత ముత్యాల్లా రాస్తానా అంది, ఇప్పుడు నేనూ అదే అంటున్నాను కదా, ఇది నేను రాయలేదు, ఎవరీ లోర్నా, నా ఫైల్లో దూరి, కప్పులో కాఫీ చల్లారింది, ఈ కాఫీ నేనే తెచ్చుకున్నానా, తెచ్చుకున్నాను, వీధి మూల కొట్లో, నలుగురి వెనక నిలబడి, అది గుర్తుంది, అంత చిన్న విషయం గుర్తున్నప్పుడు పిల్లని మరిచిపోతానా.

బ్రైస్ వచ్చాడు, నా మేనేజరు, నా సగం వయసువాడు, ఎప్పుడూ నా బల్ల అంచు మీదే కూర్చుంటాడు, మా కంపెనీ పేరు పక్కన ఎర్రటి గుండె బొమ్మ, దాని పక్కన ఓపెన్ సోర్స్ అని, అంటే ఊరికే పంచిపెట్టే కోడ్ అని, రాసి ఉన్న స్టిక్కర్లు గుప్పెడు తెచ్చి నా ముందు పోశాడు, లోర్నా, పిల్లలకి పంచిపెట్టుకో, ఎవరి పిల్లలకి అన్నాను, అదేలే, ఎవరికో ఒకరికి, బ్రైస్, నాకు పిల్లలున్నారని నీకెప్పుడైనా చెప్పానా అని అడిగాను, నవ్వాడు, నీకు కుక్కపిల్ల కూడా లేదు కదా, బాల్కనీలో ఉన్న ఒక్క మొక్కనీ చంపేశానన్నావు, ఏంటి, ఒంట్లో బాలేదా, బాగానే ఉంది, మరి క్లీన్ అని సంతకం పెట్టెయ్, అందరిదీ వచ్చింది, నీ భాగం ఒక్కటే మిగిలింది, పేర్లున్నాయి అన్నాను, తెర మీదికి వంగి చూశాడు, నీ పేరే కదా, పేరున్న కామెంట్లన్నీ ఒక్క నొక్కుతో ఎగరగొట్టు, ఎవరెప్పుడు ఏం మార్చారన్న పాత చరిత్ర కూడా పంపట్లేదు, అంతా ఒకే మూట కట్టి మొదటి చేర్పు అని పెడుతున్నాం, ఇవాళే పుట్టినట్టుంటుంది, ఎందుకు తెరుస్తున్నాం బ్రైస్ అన్నాను, తెలియక కాదు, ఇంకాసేపు ఒక మనిషి గొంతు వినాలని, అయ్యో, ఎన్నిసార్లు చెప్పాలి, వంటకం దాచుకుని లాభం లేదు ఇప్పుడు, వంటకం ఊరికే ఇచ్చేస్తాం, పొయ్యి అద్దెకిస్తాం, క్లౌడ్ అంటే మన అద్దె కంప్యూటర్లు, అదే పొయ్యి, ఎవడి వంటకమైనా మన పొయ్యి మీదే వండుకోవాలి, పదకొండుకల్లా పంపు తల్లీ, అని స్టిక్కర్లు అక్కడే వదిలేసి వెళ్ళాడు, వెళ్తూ వెళ్తూ ఇవాళ కొండ కనబడదేమో, ఫోటో ప్లాన్ చేశాం అన్నాడు, వానలో రైనియర్ కొండ ఏం కనబడుతుంది.

గుండె బొమ్మ వేసుకున్నారు, ఏమాత్రం సిగ్గు లేకుండా, నిన్నటి పాము ఇవాళ పూలదండ అయింది వీళ్ళకి, పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే భవనంలో కిటికీల్లేని గదిలో కూర్చోబెట్టి కంపెనీ లాయరు పాలూచ్ అడిగింది, మీరు ఆ బయటి కోడ్ చూశారా, ఊరికే పంచిపెట్టే ఆ కోడ్, అది చూసిన కళ్ళతో మీరు మనది రాస్తే మనదీ మైలపడుతుంది, అర్థమైందా, చూశారా లేదా, రెండే గళ్ళు, అవును, కాదు, నాకన్నా ముందు ఎల్డన్‌ని అడిగారు, ఎల్డన్ స్కూగ్, నాతో ఒకే గదిలో ఆరేళ్ళు పనిచేసినవాడు, ఈ లేపే భాగం మొదలుపెట్టినవాడు, పడుకోబెట్టడం ఏ వెధవైనా చేస్తాడు లోర్నా, ఉలిక్కిపడకుండా లేపడంలో ఉంది పనితనం అనేవాడు, ఆ బయటి కోడ్‌లో ఒక తప్పు కనబడితే ఊరుకోలేక నాలుగు వరసలు దిద్ది వాళ్ళకి పంపాడు, తన పేరుతోనే, కందకు లేని దురద నీకెందుకయ్యా అన్నాను, దురద కాదు, పక్కింటి కుళాయి కారుతుంటే కట్టెయ్యమా అన్నాడు, లాయరుకి మాత్రం అవును అని ఒక్క ముక్క చెప్పాడు, ఆ వారమే అట్టపెట్టెలో సామాను సర్దుకున్నాడు, నన్ను అడిగితే కాదు అన్నాను, చూడలేదన్నాను, ఆ నాలుగు వరసలు రాస్తున్నప్పుడు పక్కనే కూర్చుని ఇక్కడ కామా పడలేదు చూడు అని వేలు పెట్టి చూపించింది నేనే, పక్కనే, ఎప్పుడూ కుడిపక్కనే, ఎడమపక్క కూర్చుంటే ఆయనకి వినపడదు కాబట్టి, చిన్నప్పుడు చెవి పోటొచ్చి.

కుడిపక్క.

అయ్యో, కూతురు, ఎల్డన్ కూతురు సోల్వే, ఎర్ర జుట్టు పిల్ల, ఒకసారి ఆఫీసుకి తీసుకొస్తే నా కుర్చీలో గిరగిరా తిరిగింది, మూడు రోజులు జ్వరమని ఎల్డన్ నిద్రలేక కళ్ళు వాచి వచ్చిన ఉదయం, పనిచేసింది లోర్నా అని అరిచిన ఉదయం, నాకు గుర్తుంది, నా బుర్ర బాగానే ఉంది, పోయింది నా బుర్ర కాదు, అతను వెళ్ళిన మర్నాడు అప్పటి మేనేజరు క్లైడ్ తలుపులోంచి తల పెట్టి, లోర్నా, ఉద్యోగంలో లేనివాడి పేరు ఫైళ్ళలో ఉంటే తనిఖీలో పట్టుకుంటారు, నీ పేరు పెట్టెయ్ అన్నాడు, సరే అన్నాను, భోజనం వేళ, చేతిలో సగం తిన్న సాండ్విచ్, ఒక్క చేత్తో ఒక్క వరస కొట్టాను, ఎల్డన్ అని ఉన్న ప్రతిచోటా లోర్నా అని పెట్టు, నలభై చోట్ల మార్చాను అంది యంత్రం, ఒక్కటీ తెరిచి చదవలేదు, సాండ్విచ్ పూర్తిచేశాను, మైల సంగతి అడిగినప్పుడు నోటితో చెప్పిన అబద్ధం పంతొమ్మిదేళ్ళుగా రోజూ గుర్తుంది, చేత్తో చేసిన ఈ పని మాత్రం ఆ మధ్యాహ్నమే మరిచిపోయాను.

తర్వాత ఒక్కసారి చూశాను ఎల్డన్‌ని, కార్లని కూడా ఎక్కించుకునే ఓడ మీద, అతను అనకోర్టెస్‌లో పడవలు బాగుచేస్తున్నాడని విన్నాను, రేలింగ్ పట్టుకుని నీళ్ళు చూస్తున్నాడు, జుట్టు నెరిసింది, వెళ్ళి పిలిచాను, ఎల్డన్ అని, ఎడమవైపు నుంచి పిలిచాను, తిరగలేదు, పిలిచాను కదా, వినలేదు కదా అని మనసుకి చెప్పుకుని కిందికి దిగి కారులో కూర్చున్నాను, నాకు తెలుసు, తెలిసే ఎడమవైపు నిలబడ్డాను, ఆరేళ్ళయింది అతను పోయి, పేపర్లో చూశాను, కూతురు ఉంది అని రాశారు, పడవల పనివాడు అని రాశారు, ఈ భాగం గురించి ఒక్క ముక్క లేదు, ఎలా ఉంటుంది, లోకానికి తెలిస్తే కదా, ఇక్కడ ఆఫీసు వరండాలో పెద్ద తెర ఉంది, మా క్లౌడ్‌లో ఇవాళ లేచిన యంత్రాల లెక్క చూపిస్తుంది, పొద్దుటినుంచి డెబ్భై లక్షలు, చూస్తుండగానే అంకె పెరుగుతుంది, లేచే ప్రతి యంత్రం లోపల ముందు లేచేది ఎల్డన్ రాసిన వరసలే, నేను పోయాక కూడా ఇది తనంతట తనే లేస్తుంది, భయపడకండి, భయపడకుండా ఎలా ఉంటాను, డెబ్భై లక్షల సార్లు లేస్తున్నాడు, ఒక్కసారి కూడా తన పేరుతో లేవట్లేదు.

పదీ యాభై, సరే, మార్చినదాన్నే తిరిగి మారుద్దాం, లోర్నా అని ఉన్న ప్రతిచోటా ఎల్డన్ అని పెట్టు, కొట్టాను, అడిగింది, నలభై ఒక్క చోట్ల మార్చనా, వేలు మీట మీద ఉంది, ఫోన్ మోగింది, ఎత్తాను, బ్రైస్, లోర్నా, ఏమైంది, పెట్టావా, వినిపిస్తోందా, నలభై ఒక్క చోట్ల, కాదు, అప్పుడు నలభై అంది, నాకు బాగా గుర్తుంది, చేతిలో సాండ్విచ్, తెర మీద నలభై, మరి ఒకటెక్కువ ఎక్కడిది, వేలు వెనక్కి తీశాను, ఇక్కడ లోర్నా చెప్పినట్టే ఉంచాను, నాకు అర్థం కాలేదు గానీ పనిచేస్తోంది, లోర్నా, ఇది నాదే, కింద పేరు మొదటినుంచీ నాదే, అర్థం కాలేదని ఒప్పుకున్నది నేను, చెప్పింది అతను, మొదటి లోర్నా ఎల్డన్, రెండో లోర్నా నేను, పక్కపక్కనే కూర్చున్నాం ఒకే వరసలో ఒకే పేరుతో ఇన్నేళ్ళూ, ఇప్పుడు మీట నొక్కి ఉంటే ఇద్దరమూ ఎల్డన్ అయిపోయేవాళ్ళం, అతనికి అర్థం కానిది ఒకటి ఉందని లోకం చదివేది, మళ్ళీ చదవకుండా అదే పని చేసేదాన్ని, ఆనాటి చరిత్ర చూద్దామంటే కోడ్ దాచే గిడ్డంగి మార్చినప్పుడే పోయింది, అడుగుదామంటే క్లైడ్ లేడు, ఎల్డన్ లేడు, ఏది ఎవరిదో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, ఆమెకి యాభై ఎనిమిది, వాళ్ళమ్మకి అరవై ఒకటిలో మొదలైంది.

లోర్నా, వింటున్నావా, బ్రైస్, పన్నెండుకి కాదు అన్నాను, అంటే ఏంటి, ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు, సాయంత్రానికి ఇస్తాను, ఒక్కొక్కటీ చదివి దిద్దాలి, పేర్లు తియ్యట్లేదు, పెడుతున్నాను, కుదరదు లోర్నా, రూల్ ఉంది, తెలుసు, రూల్ రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను, అసలు ఎవరి పేరు పెడతావు, నీ కోడే కదా అది, కాదు, ఎల్డన్ స్కూగ్‌ది, ఎవడతను, ఆ ప్రశ్న కోసమే పంతొమ్మిదేళ్ళు కాచుకున్నానేమో అనిపించింది, నా గదికి రా చెప్తాను, లాయర్లని కూడా తీసుకురా, అప్పుడు నన్నొకటి అడిగారు, దానికీ జవాబు మార్చాలి, అని ఫోన్ పెట్టేశాను, ముందు ఆ నాలుగోదే తెరిచాను, నా కూతురికి జ్వరం తగ్గింది, కింద నా పేరు చెరిపి ఒక్కో అక్షరం కొట్టాను, ఎల్డన్, ఇక నలభై ఉన్నాయి, చెరపడానికి చదవనక్కర్లేదు, ఒక్క చెయ్యి చాలు, తిరిగి రాయాలంటే మాత్రం ప్రతిదీ చదవాలి, నాకు గుర్తున్నంత కాలమే చదవగలను, కుర్చీ కొంచెం కుడివైపుకి జరుపుకుని తర్వాతది తెరిచాను.