రొయ్యల ఫ్రీజర్‌లో పరీక్ష

మలేషియాలో, కువాలా సెలంగోర్‌లో ఒక గాలం సామాన్ల కొట్టులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ చేపకి ఏ లైన్ అని ఎవరైనా అడిగితే, ప్రశ్న పూర్తవకముందే జవాబు చెప్పేసే రకం నేను. తెలియకపోయినా చెప్పేస్తానన్న సంగతి మాత్రం నాకే ఈ మధ్య తెలిసింది.

మా ఆనీ అక్క మొగుడు పాట్రిక్ బావ క్లాంగ్‌లో ఒక కొరియా వాళ్ళ ఫ్యాక్టరీలో మెషీన్లు చూస్తాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి. జనవరిలో వాళ్ళ ఫ్యాక్టరీ నుంచి ఐదుగురిని కొరియా పంపించారు. అక్కడ గడ్డకట్టిన చెరువు మీద కన్నం చేసి చేపలు పట్టే పోటీ, అన్ని దేశాల ఫ్యాక్టరీల వాళ్ళకీ. మూరెడు గాలం కర్రలు వాళ్ళే ఇస్తారట, లైన్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ పని బావ నెత్తినేసుకున్నాడు. "మా బామ్మర్దికి తెలీని లైన్ లేదు" అని జట్టు వాళ్ళకి చెప్పాడని అక్క చెబితే నేను ఉబ్బిపోయాను.

బయల్దేరే ముందు శనివారం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు బావ వచ్చాడు. చేతిలో కాగితం.

"నాను సదివినాను గిడియన్. సన్నం తంగ్సి కావాలంట, నాలుగు పౌన్ల బరువు ఆపేది. అల్లిన లైన్ నీళ్ళు పీలుస్తాదంట, సలికి బిగిసిపోతాదంట."

తంగ్సి అంటే మా దగ్గర ఒంటిపోగు నైలాన్ లైన్. ఐస్ కచాంగ్ అని మేం తినే మంచు తురుము గిన్నెలో తప్ప నేను ఎక్కడా మంచు చూసిన పాపాన పోలేదు. ఆ మాట ఒప్పుకుంటే సరిపోయేది. కానీ నా కొట్టులోకి, నా మనుషుల ముందుకి కాగితం పట్టుకొచ్చి నాకే పాఠం చెబుతాడా అని ఒళ్ళు మండింది.

"కాయితం ఎందుకు బావా, ఇప్పుడే సూద్దాం లా" అన్నాను.

రెండు రకాల లైనూ బారెడేసి కత్తిరించి, ఎర రొయ్యలు పెట్టే ఫ్రీజర్‌లో అరగంట ఉంచాను. తంగ్సి చుట్టలు చుట్టుకుని బిరుసుగా బయటికొచ్చింది. అల్లిన లైన్ మాత్రం కుట్టుదారంలా మెత్తగా ఉంది. అందరికీ ఎత్తి చూపించాను.

"తడిపి పెట్టాలేమో?" అన్నాడు బావ మెల్లగా.

"తడుపుతాను, పిండుతాను, అక్క సీరల పక్కన ఆరేస్తాను కూడానూ! నువ్వు మెషీన్ సూసుకో బావా, గాలం నాకొదిలెయ్."

కొట్టంతా గొల్లున నవ్వింది. బావని ఆటపట్టించడం బామ్మర్దికి పుట్టుకతో వచ్చిన హక్కు, దానికి బావ కోపం తెచ్చుకోకూడదు. ఆ హక్కు చాటున నా తెలివితక్కువతనాన్ని దాచుకున్నాను. బావ నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేను చుట్టిచ్చిన అల్లిన లైన్లు ఐదూ తీసుకెళ్ళాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

క్షేమంగా తిరిగొచ్చాడని అక్క ఇంట్లో స్తుతి ప్రార్థన పెట్టింది. ప్రార్థనకి ముందు వంటింట్లో నాకు ఫోన్లో వీడియో చూపించింది. బావ మంచు మీద మోకాళ్ళేసి కూర్చుని, చేతి తొడుగు తీసేసి, లైన్‌కి పట్టిన మంచు పెంకుని గోళ్ళతో గీకుతున్నాడు. లైన్ ఇనప తీగలా బిగిసిపోయి ఉంది. మిగతా నలుగురిదీ అదే అవస్థ. వెనక ఎవరెవరో చేపలు లాగుతూ కేకలేస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రార్థనయ్యాక భోజనాల దగ్గర పక్కింటి రామన్ అంకుల్ అడిగాడు, "ఎన్ని పట్టినావు పాట్రిక్?"

"ఒక్కటీ లేదు."

"గిడియన్ లైన్ ఇచ్చినా?"

బావ నా వైపు చూడలేదు. "లైన్ మంచిదే అంకుల్. నా సెయ్యే మంచిది కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను, సిగ్గుతో చచ్చిపోతున్నాను ఆ నవ్వు తలుచుకుంటే. అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ అక్క నన్నొక్కసారి చూసి, నాకు వడ్డించకుండానే ముందుకి వెళ్ళింది.

భోజనాలయ్యాయి. పెరట్లో బావ గిన్నెలు తోముతుంటే వెళ్ళాను.

"బావా, తప్పు నాది. నువ్వు సెప్పింది నిజం. నాకు తెలీక, తెలిసినట్టు ఆడినాను. నన్ను సెమించు."

"ఎప్పుడో సెమించినాను లే" అన్నాడు. నిజంగానే అతని మొహంలో కోపం లేదు. కుళాయి కట్టేసి చేతులు తుడుచుకున్నాడు.

"కానీ గిడియన్, నన్ను సూసి నవ్వినప్పుడు అందరి ముందూ నవ్వినావు. తప్పు నాదని సెప్పడానికి పెరట్లోకొచ్చినావా?"

లోపల జనం ఇంకా వెళ్ళలేదు, మాటలు వినబడుతూనే ఉన్నాయి. బావ తలుపు తీసి పట్టుకుని నా కోసం ఆగాడు. నేను వెనక సందులోంచి వెళ్ళి మోటార్‌సైకిల్ ఎక్కాను.