నోరూరే ఎలుకలు

మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆ ప్రయోగశాలలో ఎలుకల మీద ఎవరూ కొలతలు తీసేవారు కాదు. ఆ వేళకి మేడమ్ గారి భర్తకి ఆకలేసేది. ఊరికి ఆ చివర ఇంట్లో ఉన్న ఆయనకి ఆకలేస్తే ఇక్కడ బోనుల్లో ఎలుకలకి నోరూరేది. గడ్డాలు తడిసి, కింద పరిచిన రంపపు పొట్టు ముద్దయ్యేది.

"సార్‌కి భోజనం వేళయినట్టుంది మేడమ్," అంటూ సహాయకురాలు పొట్టు మార్చడానికి లేచేది.

ఆయన బస్సు డ్రైవరు. మాటకారి, తిండిప్రియుడు. గొంతులో కణితికి ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించాక కణితి పోయింది కానీ, దాంతోపాటు లాలాజల గ్రంథులూ మాడిపోయాయి. ముద్దముద్దకీ నీళ్లు తాగితే తప్ప దిగదు. ఆకలి మాత్రం చావలేదు. మేడమ్ అంతవరకూ చేస్తున్న పరిశోధన పక్కన పడేసి, ఎండిన గ్రంథుల్ని మళ్లీ ఊరించే మందు కోసం పట్టుబట్టింది. ఆ ఎలుకలు వచ్చిన రోజు నుంచే వాటికి నోరూరడం మొదలైంది.

ఆయన రోజూ ఫోన్ చేసేవాడు.

"పక్కింట్లో చేపలు వేయిస్తున్నారు డాక్టరమ్మా. మీవాళ్లు ఏమంటున్నారు?"

"మెడల దాకా కారుతోంది."

"నా వాటా కూడా వాళ్లకే పోస్తున్నావన్నమాట. మొగుడంటే మరీ ఇంత లోకువా?"

ఆమె పగలబడి నవ్వేది.

నరానికి సన్నగా కరెంటు తగిలిస్తే గ్రంథి ఎంత ఊరుతోందో పైనుంచే కొలవొచ్చు. లోపలి పొరలో కణాలు మందుకి ఎలా కదులుతున్నాయో తెలియాలంటే మాత్రం గ్రంథిని కోసి, పలచగా తరిగి, మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. అంటే ఎలుకని చంపాల్సిందే.

మొదటి బోను ఖాళీ అయిన సాయంత్రం పక్కింట్లో చేపలు వేగుతున్నా ఆయన తల తిప్పలేదు. రెండో బోను తర్వాత వేడి రొట్టె మీద మనసు పోలేదు. మూడోది అయ్యాక మామిడిపండుని పక్కకి నెట్టి, "నువ్వు తిను," అన్నాడు.

ఆమెకి అర్థమైంది. చేతులాడలేదు. ఒక్క బోనే మిగిలింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇదొక్కటీ అయితే మందు సంగతి తేలిపోతుంది. కానీ నీకు ఇంక దేని మీదా మనసు పోకపోవచ్చు."

ఆయన గ్లాసెత్తి గుక్క మింగాడు.

"ముందు నోరు తడవనీవే. నోరు తడిస్తే ఆకలి దానంతటదే వస్తుంది."

అలా జరగదని ఆమెకి తెలుసు. అయినా ఆ మాట పైకి అనలేదు. అనకపోయింది ఆయన కోసమో, మందు కోసమో తర్వాత ఎన్నిసార్లు తనని తాను ప్రశ్నించుకున్నా తేలలేదు.

చివరి బోను కడిగించి ఇంటికి బయల్దేరిన రోజు, బస్టాపులో ఆయన కనిపించలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ, జబ్బులో కూడా, ఆమె దిగే వేళకి అక్కడే నిలబడి ఉండేవాడు. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా," అన్నాడు మర్యాదగా.

మందు పనిచేసింది. ఆయనకి గ్లాసుతో పని లేకుండా పోయింది. గొంతు తేలికపడి మళ్లీ బస్సెక్కాడు. ఆ మందుతో కోలుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చి, మేడమ్ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. తెచ్చిన పళ్లు బల్లమీద పెట్టి వెళ్లేవారు. అవి అక్కడే మగ్గి, నల్లబడి, ఈగలు ముసిరేవి.

ఒక ఆదివారం ఆమె అందులో బాగున్న పండొకటి ఏరి, కోసి, ముక్క ఆయన నోటికి అందించింది. ఆయన కాదనలేదు. నెమ్మదిగా నమిలి, ఇబ్బంది లేకుండా మింగాడు. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఎలా ఉంది?"

ఆయన నాలుకతో పెదవులు తుడుచుకున్నాడు.

"తడిగా ఉంది," అన్నాడు.